బీరు పోసి వండే ఫ్లెమిష్ మాంసపు కూర: కుండలో ఏముంది, ఒంటికి ఏమి చేస్తుంది?

ఐరోపా దేశాలలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న పిల్లలను చూసి వచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు మన చిన్న పట్టణాలలో కూడా కనిపిస్తున్నారు. తిరిగి వచ్చిన తరువాత వారు నన్ను అడిగే ప్రశ్నలలో ఒకటి తరచుగా వినిపిస్తూ ఉంటుంది. “డాక్టరుగారూ, అక్కడ కూరలలో బీరో, వైనో పోసి వండుతారు. ఉడికిస్తే మద్యమంతా ఆవిరైపోతుందని పిల్లలు అంటారు. నిజమేనా? మేము తినవచ్చునా?”

తినవచ్చుననో, కూడదనో ఒక్క మాట చెప్పి పంపడం సులభమే. కాని అడిగేవారిలో ఒకరికి మధుమేహం ఉంటుంది, ఇంకొకరికి గౌటు ఉంటుంది, మరొకరు ఎన్నో అవస్థలు పడి తాగుడు మానుకున్నవారై ఉంటారు. ఒకే కూర ఈ ముగ్గురి శరీరాలలోనూ ఒకే విధంగా ప్రవర్తించదు. అందువలన ఈ వ్యాసంలో అటువంటి వంటకం ఒకదానిని తీసుకొని, కుండలో పడే వస్తువులను విడివిడిగా పరిశీలిద్దాం. ఆ తరువాత ఎవరికి మేలో, ఎవరికి కీడో మీకే బోధపడుతుంది.

నేను ఎన్నుకొన్నది బెల్జియం ఉత్తర భాగమైన ఫ్లాండర్స్ ప్రాంతపు వంటకం. మా అమ్మాయి గెంట్ నగరంలో ఉండడం వలన దానిని దగ్గరగా చూసే అవకాశమూ, రుచి చూసే అవకాశమూ నాకు కలిగాయి. ఇది గొడ్డుమాంసంతో చేసే కూర. మీలో చాలామంది ఆ మాంసం తినరని నాకు తెలుసు, తినేవారూ ఉన్నారు. ఎవరి ఆచారం వారిది. ఇక్కడ చెప్పబోయే విషయాలలో చాలా భాగం మద్యం పోసి నెమ్మదిగా ఉడికించే ఏ మాంసానికైనా వర్తిస్తాయి కనుక అందరూ చదవవచ్చు.

ఏమిటీ వంటకం?

ఫ్లెమిష్ ప్రజలు దీనిని స్టోఫ్‌ఫ్లేస్ అంటారు. నెమ్మదిగా ఉడికించిన మాంసమని అర్థం. ఫ్రెంచి మాట్లాడేవారు కార్బొనాద్ ఫ్లామాండ్ అంటారు. ఆ మాటకు మూలం బొగ్గు. మొదట బొగ్గుల మీద కాల్చిన మాంసానికి ఉన్న పేరు, తరువాత కుండలో ఉడికించే ఈ కూరకు వచ్చి చేరింది.

ఈ కూరలో బీరు ఎందుకు పడిందో తెలుసుకోవాలంటే ఆ నేలను చూడాలి. ఫ్రాన్సు దేశపు బర్గండీలో ద్రాక్ష విస్తారంగా పండుతుంది, అక్కడి మాంసపు కూరలో వైను పోస్తారు. ఫ్లాండర్స్ చలికీ, ముసురుకూ అలవాటుపడిన పల్లపు నేల. అక్కడి చేలలో బార్లీ పండింది, పోపరింగె పరిసరాలలో బీరుకు చేదునిచ్చే హాప్స్ తీగ పండింది. కనుక కుండలోకి బీరు వచ్చింది. మన కోస్తాలో పులుసుకు చింతపండు ఎటువంటిదో, అక్కడి కూరకు బీరు అటువంటిది. బెల్జియం దేశపు బీరు సంస్కృతిని యునెస్కో 2016లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడివారికి బీరు పానీయం మాత్రమే కాదు, వంటింటి దినుసు కూడా అన్నది మనం గుర్తుంచుకోవాలి.

కుండలో పడే వస్తువులు

ఆరుగురికి సరిపడే కూరకు సుమారు 1 కిలో 200 గ్రాముల మాంసం, పెద్ద ఉల్లిపాయలు నాలుగు, 330 మిల్లీలీటర్ల గోధుమరంగు బీరు సీసాలు రెండు, 50 గ్రాముల వెన్న, రెండు రొట్టె ముక్కలు, వాటికి దట్టంగా పూయడానికి ఆవముద్ద, ఒక పెద్ద చెంచాడు ముడి చక్కెర, ఒక చెంచాడు వెనిగరు, కొద్దిగా థైమ్ ఆకు, రెండు బే ఆకులు కావాలి.

మాంసం మెడ, భుజం భాగాల నుంచి తీసుకుంటారు. పశువు ఎక్కువగా కదిలించే ఈ కండరాలు గట్టిగా ఉంటాయి, చవకగా దొరుకుతాయి. వీటిలో కొల్లాజెన్ అనే సంధాన కణజాలం ఎక్కువ. త్వరగా వండితే ఈ ముక్క చెప్పుతోలులా సాగుతుంది. సన్నని సెగ మీద రెండున్నర, మూడు గంటలు ఉంచితే కొల్లాజెన్ కరిగి జెలటిన్‌గా మారుతుంది. పులుసు చిక్కబడడానికీ, మాంసం చెంచాతో విడిపోవడానికీ కారణం అదే.

మొదట ముక్కలను తడి లేకుండా అద్ది, వెన్నలో నాలుగు వైపులా ఎర్రగా వేయిస్తారు. మాంసకృత్తులూ, చక్కెరలూ వేడికి కలిసి గోధుమరంగునూ, కమ్మని వాసననూ పుట్టిస్తాయి. అదే గిన్నెలో ఉల్లిపాయలను ఓపికగా వేయించి, మాంసాన్ని తిరిగి చేర్చి, బీరు పోస్తారు. ఆవముద్ద పూసిన రొట్టె ముక్కలను, పూసిన వైపు కిందికి ఉండేలా పైన పరుస్తారు. అవి ఉడుకుతూ కరిగిపోయి పులుసుకు చిక్కదనం ఇస్తాయి. ఆవకాయ తినే మనకు ఆ ఘాటు కొత్త కాదు. థైమ్ వాసన కూడా మనకు పరిచితంగానే తోస్తుంది, ఎందుకంటే మన వాములో ఉండే థైమాల్ అనే తైలమే అందులోనూ ఉంటుంది. బే ఆకును మాత్రం మన బిర్యానీ ఆకుగా పొరబడవద్దు. చూపుకు దగ్గరగా ఉన్నా రెండూ వేరు చెట్లవి, వాసనలు కూడా వేరు.

బీరు ఏ రకమన్నది కూడా ముఖ్యం. ఎక్కువ హాప్స్ వేసిన చేదు బీరు మరిగి దగ్గరపడే కొద్దీ చేదు పెరిగి కూర పాడవుతుంది. అందుకని చేదు తక్కువగా, కొంచెం తీపిగానో పుల్లగానో ఉండే ముదురు రంగు బీరును వాడతారు. చివర వేసే చక్కెర, వెనిగరు ఆ చేదును సరిదిద్దడానికే.

ఒక పళ్ళేనికి లెక్క

పై కొలతలతో వండితే ఒక్కొక్కరి వాటాకు 200 గ్రాముల పచ్చిమాంసం వస్తుంది. ఉడికి నీరు పోయాక అది సుమారు 140 గ్రాములవుతుంది. అందులో దాదాపు 40 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. 60 కిలోల బరువున్న వృద్ధునికి రోజుకు 60 నుంచి 72 గ్రాముల మాంసకృత్తులు మంచివని ఇప్పుడు నిపుణులు సూచిస్తున్నారు. అంటే రోజు అవసరంలో సగానికి పైగా ఒక్క పళ్ళెంలో లభించినట్లే.

ఇక్కడ వృద్ధుల గురించి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. డెబ్బై దాటిన వారిలో కండరాలు క్షీణించడం మనం పట్టించుకోని సమస్య. పళ్ళు లేక, ఉన్నవి కదులుతూ, చాలామంది పెద్దలు మాంసం మాని మెత్తని అన్నం, చారుతో సరిపెట్టుకొంటారు. బలం తగ్గుతుంది, తూలి పడతారు, తుంటి ఎముక విరుగుతుంది. మూడు గంటలు ఉడికి, నాలుకతో నొక్కితే విడిపోయే మాంసం అటువంటివారికి అనువైన ఆహారం. మన నాటుకోడినో, వేటమాంసాన్నో అదే విధంగా సన్నని సెగ మీద ఎక్కువసేపు ఉడికిస్తే అదే ప్రయోజనం కలుగుతుంది. అందుకు బీరు అవసరం లేదు.

ఈ పళ్ళెంలో ఇనుము సుమారు 3 నుంచి 4 మిల్లీగ్రాములు ఉంటుంది. సంఖ్య చిన్నదిగా కనిపించినా, మాంసంలోని ఇనుములో కొంత భాగం రక్తవర్ణకంతో కూడి ఉండడం వలన పేగులు దానిని ఆకుకూరలలోని ఇనుము కంటే సులభంగా గ్రహిస్తాయి. మన రాష్ట్రాలలో సగానికి పైగా స్త్రీలు రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి కనుక ఇది తేలికగా తీసుకోదగిన విషయం కాదు. జింకు కూడా ఇందులో బాగా ఉంటుంది. విటమిన్ బి12 అయితే ఒక రోజు అవసరాన్ని మించి లభిస్తుంది. జంతు సంబంధమైన ఆహారంలో తప్ప బి12 సహజంగా దొరకదు. శాకాహారులు పాలు, పెరుగు క్రమం తప్పక తీసుకోవాలి, వైద్యుడు సూచిస్తే మాత్రలు కూడా వాడాలి.

ఇక రెండవ వైపు చూద్దాం. మాంసంలోని కొవ్వు, వెన్న కలిసి ఒక పళ్ళెంలో సుమారు 15 గ్రాముల సంతృప్త కొవ్వు చేరుతుంది. రోజుకు 2000 కేలరీలు తీసుకొనే వ్యక్తికి సంతృప్త కొవ్వు 22 గ్రాములు దాటరాదు. అంటే ఒక్క పూటలోనే మూడింట రెండు వంతులు అయిపోతుంది. కూరను ముందు రోజు వండి చల్లని చోట ఉంచితే కొవ్వు పైన గడ్డకడుతుంది, దానిని చెంచాతో తీసివేయవచ్చు. ఈ కూర మరునాడు ఇంకా రుచిగా ఉంటుందని ఫ్లెమిష్ గృహిణులు అంటారు. మన చేపల పులుసు గురించి మనమూ అదే అంటాం. రుచి కోసం చేసే ఆ పని గుండెకు కూడా మేలు చేస్తుంది.

పీచుపదార్థం, విటమిన్ సి ఈ కూరలో దాదాపు లేవనే చెప్పాలి. ఉన్న కొంచెం సి కూడా గంటల తరబడి మరగడంలో నశిస్తుంది. కూరతోపాటు పచ్చికూరల సలాడు, తరువాత ఒక పండు తింటే ఆ లోటు తీరుతుంది.

కూర మొత్తం పళ్ళేనికి సుమారు 550 కేలరీలు. కాని అక్కడ ఈ కూరను ఒంటరిగా తినరు. పక్కన వేయించిన బంగాళాదుంపలు గుట్టగా పోస్తారు. వాటిని రెండుసార్లు నూనెలో వేయిస్తారు. పాత పద్ధతి పాటించే చోట్ల పశువుల కొవ్వులోనే వేయిస్తారు. 200 గ్రాముల వేపుడు సుమారు 600 కేలరీలు, 70 గ్రాములకు పైగా పిండిపదార్థాలు! కూరలో పిండిపదార్థాలు, చక్కెర అన్నీ కలిపినా 20 గ్రాములకు మించవు. మధుమేహం ఉన్నవారు బీరును చూసి భయపడి దుంపలను ధైర్యంగా తినడం నేను చూశాను. నిజానికి రక్తంలో చక్కెరను ఎగదోసేది ఆ గుట్టే.

మద్యం ఎంత మిగులుతుంది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మద్యం 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీరు 100 డిగ్రీల దగ్గర. కాబట్టి కుండ మరిగితే మద్యం మొదటే ఎగిరిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. నీటితో కలిసిన మద్యం క్రమక్రమంగా, కొంత నీటిని తోడు తీసుకొని బయటికి పోతుంది. ఎంతసేపు ఉడికింది, మూత ఉందా, గిన్నె వెడల్పు ఎంత అన్నవాటి మీద మిగిలేది ఆధారపడుతుంది.

అమెరికా వ్యవసాయ శాఖ వారి పట్టిక ప్రకారం, మరుగుతున్న ద్రవంలో మద్యం పోసి వెంటనే దింపివేస్తే 85 శాతం మిగులుతుంది. 15 నిమిషాలు ఉడికిస్తే 40 శాతం, ఒక గంట ఉడికిస్తే 25 శాతం, రెండు గంటలకు 10 శాతం, రెండున్నర గంటలకు 5 శాతం మిగులుతుంది. పూర్తిగా సున్నా అన్నది ఈ పట్టికలో ఎక్కడా లేదు.

మన కూరకు లెక్క వేద్దాం. రెండు సీసాలు కలిపి 660 మిల్లీలీటర్లు. బీరు 7 శాతం ఘాటుది అనుకుంటే అందులో సుమారు 36 గ్రాముల మద్యం ఉంటుంది. రెండున్నర గంటల తరువాత కుండలో మిగిలేది 2 గ్రాముల లోపు, ఒక పళ్ళేనికి గ్రాములో మూడో వంతు. అదే కూరను తొందరపడి గంటలో దింపివేస్తే పళ్ళేనికి ఒకటిన్నర గ్రాము. చివర “వాసన కోసం” మరికొంత బీరు పోసి దింపితే లెక్కంతా తారుమారవుతుంది. ఆరోగ్యవంతుడైన పెద్దవానికి గ్రాములో మూడో వంతు వలన మత్తు రాదు, కాలేయానికి హాని జరగదు. పండిన అరటిపండులో, బేకరీ రొట్టెలో కూడా లేశమాత్రంగా మద్యం ఉంటుంది.

వైద్యుడు గ్రాములలో చెప్పగలిగేది ఇంతవరకే. దీని తరువాతి విషయాన్ని నాకు స్పష్టం చేసినవాడు మా తమ్ముడు. వాని అనుమతితోనే రాస్తున్నాను.

మా తమ్ముని నిర్ణయం

మా తమ్ముడు ఉపాధ్యాయుడుగా పనిచేసి పదవీ విరమణ చేశాడు. ఇరవై ఏళ్ళు తాగాడు, మానేసి తొమ్మిదేళ్ళయింది. అంతకు ముందు రెండు పర్యాయాలు మాని, రెండు పర్యాయాలూ మళ్ళీ మొదలుపెట్టాడు. రెండవసారి మొదలైంది ఒక పెళ్ళి విడిదిలో. ఎవరూ బలవంతం చేయలేదు. పక్కనున్న వ్యక్తి గ్లాసు నుంచి వచ్చిన వాసన చాలింది. ఆ తరువాత మా మరదలు పడిన కష్టం మా ఇంటిల్లిపాదికీ తెలుసు.

గెంట్‌లో లేయె నది సమీపంలో ఒక చిన్న భోజనశాలకు మా అమ్మాయి మమ్మల్నందరినీ తీసుకువెళ్ళింది. నేను స్టోఫ్‌ఫ్లేస్ చెప్పాను. తమ్ముడు కూడా అదే తెప్పించుకుందామనుకొన్నాడు. పళ్ళెం పక్క బల్ల మీదికి వెళుతుండగా ఆ వాసన మా వైపు వచ్చింది. వాడు నా వైపు తిరిగాడు.

“అన్నయ్యా, దాంట్లో బీరు ఉంటుందా?”

“ఉంటుంది. మూడు గంటలు ఉడుకుతుంది కాబట్టి చాలా తక్కువ మిగులుతుంది” అని కాగితపు రుమాలు మీద లెక్క వేసి చూపించాను. వాడు లెక్కల మాస్టారు. రుమాలును దగ్గరికి తీసుకొని అంకెలన్నీ ఒకసారి సరిచూశాడు.

“లెక్క సరిగ్గానే ఉంది. నా కాలేయానికి ఈ లెక్క చాలు. ఈ వాసన మాత్రం నన్ను ఎరుగును, అన్నయ్యా” అన్నాడు.

మా అమ్మాయి వెంటనే, “అయితే మేమూ తినం బాబాయ్, వేరే చోటికి వెళదాం” అంది. వాడు ఒప్పుకోలేదు. “నా కోసం మీరు మానేస్తూ పోతే, రేపు నన్ను ఎక్కడికీ పిలవరమ్మా. మీరు తినండి. నేను ఆ చివర కిటికీ దగ్గర కూర్చుంటాను” అన్నాడు. అలాగే కూర్చున్నాడు. గెంట్ నగరానిదే అయిన వాటర్‌జోయ్ అనే కోడిమాంసపు పులుసు తెప్పించుకొన్నాడు. దానిలో కూరగాయలు, మీగడ, గుడ్డు సొన వేస్తారు. కొందరు అందులోనూ తెల్ల వైను పోస్తారు కనుక మా అమ్మాయి వంటవారిని అడిగి, పోయలేదని నిర్ధారించుకొన్న తరువాతే చెప్పింది.

నా వృత్తి జీవితంలో జిల్లా ఆసుపత్రులలో మద్యానికి బానిసలైనవారిని వందల సంఖ్యలో చూశాను. వారి కాలేయాన్ని, నరాలను, క్లోమాన్ని పరీక్షించాను. వ్యసనం స్థిరపడేది మెదడులో. వాసన, రుచి, గ్లాసు చప్పుడు, సాయంకాలపు ఒక వేళ, ఇవన్నీ ఆ జ్ఞాపకాన్ని లేపే సంకేతాలు. మద్యం లేకపోయినా సంకేతం ఉంటే కోరిక రగులుతుందని మనోవైద్యులు చెబుతారు. కాబట్టి మద్యం మానినవారికి “ఇందులో ఏమీ మిగలదులే, తిను” అని చెప్పడం శాస్త్రీయంగా కూడా అసంపూర్ణమైన సలహా. “మద్యం లేని బీరు” అని అమ్మేదానికి కూడా ఇదే వర్తిస్తుంది. అందులో చాలా రకాలలో 0.5 శాతం వరకు మద్యం ఉండవచ్చు, వాసన అయితే నూటికి నూరు పాళ్ళూ బీరుదే.

ఆ మరుసటి వారం మా అమ్మాయి ఇంటిలో అదే కూరను బీరు లేకుండా వండింది. బీరుకు బదులు ఎముకల రసం పోసి, ఉల్లిపాయలను మరింత ముదురుగా వేయించి, పులుపు కోసం ఒక ఆపిల్ ముక్కలూ, రెండు చెంచాల వెనిగరూ వేసింది. రొట్టె, ఆవముద్ద మామూలే. అసలు దానికి దగ్గరగా వచ్చిందా అంటే రాలేదు. తమ్ముడు మాత్రం రెండవసారి వడ్డించుకొన్నాడు.

ఎవరు జాగ్రత్తపడాలి?

తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ మాత్రలు వాడుతున్నవారు ఇటువంటి కూరలకు పూర్తిగా దూరంగా ఉండాలి. చాలా కొద్ది మద్యం చేరినా వారికి ముఖం ఎర్రబడి, గుండెదడ, వాంతులు, రక్తపోటు పడిపోవడం వంటివి రావచ్చు. మాత్ర ఆపిన తరువాత కూడా రెండు వారాల వరకు ఈ ప్రమాదం ఉంటుంది. ఇక్కడ మన ఊళ్ళలోని ఒక దురలవాటును ప్రస్తావించక తప్పదు. రోగికి తెలియకుండా ఈ మాత్రను కూరలోనో, కాఫీలోనో కలిపేవారున్నారు. దయచేసి ఆ పని చేయకండి. తనకు తెలియక ఆ మనిషి తాగినప్పుడు ప్రాణం మీదికి రావచ్చు. రోగి అంగీకారంతో, వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే వాడవలసిన మందు అది.

గౌటు ఉన్నవారికి ఈ కూర రెండు విధాల చిక్కు. మాంసంలో ప్యూరిన్లు ఉన్నాయి, బీరులో కూడా ఉన్నాయి. శరీరం వాటిని యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. మద్యం ఆవిరవుతుంది గాని ప్యూరిన్లు ఆవిరి కావు. మాంసం నుంచి దిగినవి కూడా పులుసులోనే ఉండిపోతాయి. 47 వేల మందికి పైగా పురుషులను 12 సంవత్సరాలు గమనించి 2004లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన పరిశోధన, మద్యాలన్నిటిలో గౌటుతో ఎక్కువ సంబంధం బీరుకే ఉన్నదని తేల్చింది. కాలి బొటనవేలు ఒకసారి ఎర్రగా వాచి నిద్ర లేకుండా చేసినవారు ఈ కూర తినకపోవడమే మంచిది. తప్పనిసరైతే రెండు ముక్కలు తిని పులుసు వదిలివేయాలి.

గోధుమ పడని సీలియాక్ వ్యాధి ఉన్నవారు గుర్తుంచుకోవలసినది, బార్లీలో కూడా గ్లూటెన్ ఉన్నదని. ఎంతసేపు ఉడికినా అది పోదు. రొట్టె తీసివేసినంత మాత్రాన కూర వారికి సురక్షితం కాదు.

మూత్రపిండాల వ్యాధి ముదిరినవారికి ఒక్క పూటలో 40 గ్రాముల మాంసకృత్తులు భారం. దుంపలలోని పొటాషియం దానికి అదనం. వైద్యుడు చెప్పిన మోతాదు దాటరాదు. రక్తపోటు ఉన్నవారు రొట్టె, ఆవముద్ద, వేపుడు మీద చల్లే ఉప్పు, మూడింటినీ కలిపి లెక్కించుకోవాలి.

కాలేయం గట్టిపడినవారికి, గర్భిణులకు, పిల్లలకు మద్యం లేకుండా వండినదే పెట్టండి. అంత చిన్న మోతాదుతో తప్పక హాని జరుగుతుందని నేను భయపెట్టడం లేదు. భోజనశాలలో వంటవాడు ఎంతసేపు ఉడికించాడో మీరు చూడలేదు కదా!

ఎర్రమాంసం విషయం కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2015లో ఎర్రమాంసాన్ని క్యాన్సరుకు “బహుశా కారణం కాగలదు” అన్న వర్గంలో చేర్చింది. ఉప్పు వేసి, పొగబెట్టి నిల్వచేసిన మాంసాన్ని “కారణమవుతుంది” అన్న వర్గంలో పెట్టింది. వండిన ఎర్రమాంసం వారానికి 350 నుంచి 500 గ్రాములు మించకుండా చూసుకొమ్మని ప్రపంచ క్యాన్సరు పరిశోధన నిధి సూచిస్తుంది. మన లెక్కలో అది రెండున్నర నుంచి మూడున్నర పళ్ళాలు. ఎక్కువ వేడి మీద నిప్పుల్లో కాల్చినప్పుడు పుట్టే హానికర పదార్థాలు, నీటిలో ఉడికించే పద్ధతిలో చాలా తక్కువగా ఏర్పడతాయన్నది కొంత ఊరట. స్టోఫ్‌ఫ్లేస్‌కు పేరుపడిన గెంట్ నగరమే 2009లో ప్రతి గురువారాన్నీ శాకాహార దినంగా ప్రోత్సహించడం మొదలుపెట్టింది. రుచిని వదులుకోకుండా మితాన్ని పాటించవచ్చునని ఆ ఊరు చూపుతోంది.

బీరు బలమా? మందా?

చివరగా ఒక అపోహ. “బీరు తాగితే కిడ్నీలో రాళ్ళు కరుగుతాయి” అన్న మాట మన తెలుగు నేలపై ఎంత గట్టిగా పాతుకుపోయిందో ఆసుపత్రిలో పనిచేసినవారందరికీ తెలుసు. రాయి నొప్పితో వచ్చిన యువకులు, ముందు రాత్రి అందుకోసమే తాగి వచ్చామని చెప్పేవారు. బీరు ఏ రాయినీ కరిగించదు. మూత్రం ఎక్కువగా రావడం దాని గుణం, ఆ తరువాత శరీరంలో నీరు తగ్గుతుంది. యూరిక్ ఆమ్లం పెరిగితే ఆ జాతి రాళ్ళకు అది అనుకూలం. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేటట్లు నీరు తాగడం బీరు కంటే చవక, బీరు కంటే క్షేమం.

బీరులో బి విటమిన్లు కొద్దిగా ఉన్న మాట నిజమే. అవి పప్పులో, గుడ్డులో, ముడిబియ్యంలో అంతకంటే మెరుగ్గా దొరుకుతాయి. విటమిన్ల కోసం బీరు అనడం, నెయ్యి కోసం హోమగుండం వెతికినట్లుంటుంది.

విదేశాలకు వెళ్ళే పెద్దలకు

మీరు పిల్లల దగ్గరకు వెళ్ళినప్పుడు వడ్డించేవారిని మూడు ప్రశ్నలు అడగండి: ఇందులో ఏ మద్యం పోశారు, ఎంతసేపు ఉడికించారు, చివర మళ్ళీ పోశారా? అడగడం నామోషీ కాదు. అక్కడ అలర్జీల వలన ఇటువంటి ప్రశ్నలు అడగడం నిత్యకృత్యం, ఓర్పుగా సమాధానం చెబుతారు.

తినదలచుకొంటే పళ్ళెంలో కూర సగం తీసుకోండి. దుంపల వేపుడుకు బదులు ఉడికించిన దుంపలు రెండు, పచ్చికూరలు అడగండి. భోజనం అయిన వెంటనే కాఫీ, టీ తాగితే రొట్టెలోని, కూరగాయలలోని ఇనుము సరిగా ఒంటబట్టదు కనుక ఒక గంట ఆగండి. కూరలో ఉన్న బీరు చాలు, పక్కన గ్లాసు అక్కరలేదు. మీరు వాడే మందుల జాబితా ప్రయాణానికి ముందే మీ వైద్యునికి చూపించండి.

మీ కుటుంబంలో తాగుడు మానినవారుంటే, వారు ఒక కూరనో, ఒక స్వీటునో “వద్దు” అన్నప్పుడు కారణం అడగవద్దు, గ్రాముల లెక్క చూపించి ఒప్పించవద్దు. వారి ఎదుట వేరే పళ్ళెం పెట్టండి, కబుర్లు కొనసాగించండి. వారిని భోజనాలకు పిలవడం మాత్రం మానకండి. ఇటువంటి చిన్న సహాయాలు రోగిని ఏళ్ళ తరబడి నిలబెట్టడం నేను చూశాను.